ముహూర్తం వేళకే బొమ్మ ఎందుకు చెదురుతోంది?

ప్రశ్న: తిరుపతిలో పెళ్లి వీడియోలు తీస్తుంటాను. ఈమధ్య అమెరికాలోని బంధువుల కోసం లైవ్ కూడా ఇస్తున్నాను. మొన్న తిరుచానూరు వైపున్న ఒక కల్యాణ మండపం నుంచి ఓబీఎస్ అనే లైవ్ సాఫ్ట్‌వేర్‌తో, ఎస్‌ఆర్‌టీ అనే ఇంటర్నెట్‌లో వీడియో పంపే పద్ధతిలో, పెళ్లికూతురి అన్నగారు న్యూజెర్సీలో ఏర్పాటు చేసిన సర్వరుకు 4 ఎంబీపీఎస్ వీడియో పంపాను. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోయి, ఎనిమిది తొమ్మిది సెకన్లకు గాని కుదుటపడలేదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడాను. ఉదయం స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ 20 చూపింది. లేటెన్సీ (పోయిన డేటా తిరిగి వచ్చేదాకా ఆగే గడువు) 1000, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ) 10 సెకన్లకొకటి పెట్టాను. అవతలి సర్వరులో ఏ సెట్టింగూ మార్చలేదట. ఎఫ్‌ఈసీ (పోయిన డేటాను మళ్లీ అడగకుండా రాబట్టుకునేందుకు అదనపు డేటా పంపే పద్ధతి) పెట్టుకుంటే బాగుపడుతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందుగా ఆ 1000 సంగతి చూద్దాం. మీరు దాన్ని మిల్లీసెకన్లనుకుని, అంటే ఒక సెకను అనుకుని పెట్టి ఉంటారు. కాని ఓబీఎస్‌లో ఎస్‌ఆర్‌టీ చిరునామా చివర రాసే లేటెన్సీని మైక్రోసెకన్లలో లెక్కిస్తారు. ఆ లెక్కన మీరు ఇచ్చిన గడువు ఒకే ఒక్క మిల్లీసెకను. రెండు చివరల్లో ఎవరి అంకె పెద్దదైతే దాన్నే ఎస్‌ఆర్‌టీ తీసుకుంటుంది గనుక, అవతల మార్చకుండా వదిలేసిన 120 మిల్లీసెకన్లే ఆ రోజు అమలయ్యాయి.

అది ఎందుకు చాలదో చూడండి. మీ వీడియో 1316 బైట్ల చిన్న చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా, సెకనుకు దాదాపు 380 చొప్పున బయలుదేరుతుంది. నూటికి ఒకటి పోయినా సెకనుకు నాలుగు పోయినట్టే. ప్రతి ప్యాకెట్ మీదా వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి 57 తర్వాత 59 రాగానే 58 పోయిందని అవతలి సర్వరు గ్రహించి, దాన్ని మళ్లీ పంపమని కబురు పెడుతుంది. తిరుపతి నుంచి న్యూజెర్సీకి ఒక ప్యాకెట్ వెళ్లి, దాని జవాబు తిరిగి రావడానికి 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. మీ గడువు 120 మాత్రమే. అందువల్ల మీ కంప్యూటరు 58ని నిజాయితీగా మళ్లీ పంపినా, అది చేరేసరికి దాని వంతు దాటిపోయి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను సర్వరు పక్కన పడేసి ముందుకు సాగిపోతుంది.

కాబట్టి లేటెన్సీని 1000000గా మార్చండి. అప్పుడు నిజంగానే ఒక సెకను గడువు దొరికి, పోయిన ప్యాకెట్‌ను మూడు నాలుగు సార్లు అడిగి తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. పంచాంగం లెక్క తిరుపతి గడియారానిదే గనుక, న్యూజెర్సీలో జీలకర్ర బెల్లం ఒక సెకను ఆలస్యంగా కనిపించినందుకు పురోహితులు కూడా ఆక్షేపించరు.

ఒక ప్యాకెట్ పోతే బొమ్మ అన్ని సెకన్లు ఎందుకు చెదిరి ఉండాలన్నది సహజంగా వచ్చే సందేహం. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా వెళ్లదు. కీఫ్రేమ్ ఒక్కటే సంపూర్ణంగా వెళుతుంది. తక్కినవి ముందు ఫ్రేమ్‌తో పోలిస్తే ఏం మారిందో మాత్రమే చెబుతాయి. ఒక ఫ్రేమ్‌లో పెళ్లికూతురి చీర అంచు తప్పుగా పడితే, దాని మీద ఆధారపడిన తర్వాతి ఫ్రేములన్నీ ఆ తప్పునే మోసుకుపోతాయి. చేయి కదిలినప్పుడు ఆ అంచు బొట్టు కారినట్టు పక్కకు పాకుతుంది. మళ్లీ కీఫ్రేమ్ వచ్చేదాకా అంతే. మీరు పది సెకన్లకొకటి పెట్టారు గనుక ఎనిమిది తొమ్మిది సెకన్ల బాధ తప్పలేదు. రెండు సెకన్లకు మార్చండి. కీఫ్రేములు బరువైనవి కాబట్టి అదే ఎంబీపీఎస్‌లో నాణ్యత కొద్దిగా తగ్గవచ్చు, కాని అది కంటికి ఆనే తేడా కాదు.

ఇక ఎఫ్‌ఈసీ. చిత్తూరు మామిడి మండీలో పది క్రేట్ల తూకాలు విడివిడిగా రాసి, మొత్తం వేరే చీటీ మీద వేశారనుకోండి. ఒక క్రేటు అంకె తడిసి చెరిగిపోయినా, మొత్తంలోంచి మిగతా తొమ్మిదీ తీసేస్తే అది తెలిసిపోతుంది. రెండు చెరిగితే మాత్రం తెలియదు. పది ప్యాకెట్లకు ఒక అదనపు ప్యాకెట్ పంపడంలోని కిటుకు ఇదే, కూడిక బదులు ఎక్సార్ అనే బిట్ల లెక్క వాడతారు, అంతే. ప్యాకెట్లు ఒకటొకటిగా కాక గుంపుగా పోతుంటాయి కాబట్టి, వాటిని అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా పేర్చి రెండు వైపులా ఈ లెక్క కడతారు. పది నిలువు, ఐదు అడ్డు వరుసలతో పెడితే పంపవలసిన డేటా 30 శాతం పెరుగుతుంది.

మీ విషయంలో నేను దీన్ని ఇప్పుడే సిఫారసు చేయను. జీలకర్ర బెల్లం వేళకు మండపంలో ఉన్నవారంతా ఫోన్లెత్తి వీడియోలు పంపుతుంటారు. మీ హాట్‌స్పాట్ కూడా అదే టవర్‌ను పంచుకుంటుంది. ఇరుకుదారిలో నష్టపోతున్న బండికి మరో 30 శాతం బరువెత్తితే నష్టమే పెరుగుతుంది. అంతకన్నా వీడియోను 2.5 ఎంబీపీఎస్‌కు తగ్గించండి. మండపం ఆఫీసులో ఫైబర్ ఉంటే కేబుల్ అడిగి తీసుకోండి. ఖాళీ మండపంలో ఉదయం చేసిన స్పీడ్ టెస్టును నమ్మకండి. ఆ పరీక్షలు చాలావరకు పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపించుకుంటూ సగటు వేగాన్ని చూపిస్తాయే తప్ప ఎన్ని పోయాయో చెప్పవు. తిరిగి అడిగే వ్యవధే లేని చోట, ఉదాహరణకు ఇటూ అటూ మాట్లాడుకునే వీడియో కాల్స్‌లో, ఎఫ్‌ఈసీ అక్కరకొస్తుంది.

ప్రశ్న: యూట్యూబ్‌లో లైవ్ చూస్తే బొమ్మ చెదరదు, చక్రం మాత్రం తిరుగుతుంది. అక్కడ ప్యాకెట్లు పోవా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పోతాయి. అయితే అక్కడ వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది, పోయిన ప్రతి ప్యాకెట్టూ తిరిగి చేరేదాకా ప్లేయరు ఆగుతుంది. ముందే నిల్వ చేసుకున్న వీడియో అయిపోయేలోపు అది చేరితే మీకేమీ తెలియదు. చేరకపోతే చక్రం తిరుగుతుంది. వీడియో నాణ్యతను 480కి తగ్గించి చూడండి.