ధైర్యంగా వెళ్లాలా, తలవంచుకొని వెళ్లాలా? గాజువాక నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా శుక్రవారం కూడికలో ఒకాయన ‘అయోగ్యుడిని, పురుగులాంటి వాడిని’ అంటూ పావుగంట ప్రార్థిస్తారు. ఇంకొకాయన ‘ప్రభువా, మాటిచ్చావు, ఈ నెలలోనే ఇచ్చి తీరాలి’ అని గట్టిగా గద్దిస్తారు. నాకు రెండూ రావు, అసలు నోరే పెగలదు. కృపాసనం దగ్గరకు ధైర్యంతో రావడమంటే ఏంటి? రోజూ ఎలా చెయ్యాలి? ఇంకోటి, మా అమ్మ మోకాళ్ల మీద ఉండలేదు. కుర్చీలో కూర్చొని ప్రార్థిస్తే తప్పా?

జవాబు:

ముందు ఆ ఇద్దరి ప్రార్థనలూ ఒకసారి జాగ్రత్తగా వినండి. ఒకరు తన అయోగ్యత గురించి, ఇంకొకరు తన విశ్వాసం గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరి కళ్లూ తమ మీదే ఉన్నాయి. ఒకరిది వినయం, ఇంకొకరిది ధైర్యం అనుకొని మీరు రెంటికీ మధ్యలో ఎక్కడ నిలబడాలా అని వెతుకుతున్నారు. కూరలో ఉప్పూ కారమూ చూసుకున్నట్టు కొలత చూసుకునే వ్యవహారం కాదిది.

హెబ్రీ పత్రిక 4:16 అందరికీ కంఠతా వస్తుంది, ‘ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము’ అని. కానీ దాన్ని 13వ వచనం నుంచి చదవాలి. దేవుని కళ్లకు సమస్తం తేటగా ఉంది, ఏదీ మరుగున లేదు అని మొదలవుతుంది. ఆ తర్వాత మన బలహీనతలు తెలిసిన ప్రధాన యాజకుడు (మన తరఫున దేవుని ముందు నిలబడేవాడు) యేసు అని చెప్పి, అప్పుడు ‘ధైర్యంతో రండి’ అంటాడు పత్రిక రాసినాయన. అంటే మన గుట్టంతా ముందే బయటపడిపోయింది, ఇక దాచడానికేం లేదు. అక్కడ ‘ధైర్యం’ అని తెలుగు చేసిన గ్రీకు మాట ‘పర్రేసియా’. ఏథెన్స్ సభలో పౌరుడు మనసులో ఉన్నది దాచకుండా మాట్లాడే హక్కుకి వాడిన మాట అది. కాబట్టి ఇక్కడ ధైర్యమంటే గొంతు పెంచడం కాదు, దాపరికం లేకపోవడం. దాపరికం లేని మనిషి తనను గురించి గొప్పలు చెప్పుకోలేడు కదా, వినయం అక్కడే వచ్చేసింది.

మన తెలుగు మాటలోనే ఈ రెండూ అతుక్కుని ఉన్నాయి. కృప, ఆసనం కలిస్తే కృపాసనం, సవర్ణదీర్ఘ సంధి. ఆసనం అన్నారు, రాజు కూర్చునేది కాబట్టి వంగుతాం. కృప అన్నారు కాబట్టి దగ్గరకు వెళ్తాం. సంధి విడదీసి సగమే పట్టుకుంటే మీ కూడికలో ఉన్న రెండు రకాల ప్రార్థనలు వస్తాయి.

ఈ పిలుపు ఎంత పెద్దదో తెలియాలంటే లేవీయకాండం 16 చదవాలి. అతి పరిశుద్ధ స్థలంలోకి, అంటే దేవుని గుడారంలో అన్నిటికంటే లోపలి గదిలోకి, ప్రధాన యాజకుడు ఒక్కడే వెళ్లాలి, అదీ ఏడాదికి ఒక్క రోజు, ఏడో నెల పదో తేదీన. చేతిలో బలి రక్తం ఉండాలి. తాను చావకుండా ఉండాలంటే ధూపం పొగ కరుణాపీఠాన్ని, అంటే అక్కడున్న మందసం పెట్టె మూతని, కమ్మాలి. ఆ పీఠం పెద్దదేం కాదు, నిర్గమకాండం 25:17 ప్రకారం పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరెడున్నర, ఇంట్లో చిన్న భోజనాల బల్లంత. దాని ముందు నిలబడ్డానికి ఇన్ని షరతులు. యేసు చనిపోయినప్పుడు ఆ స్థలానికి అడ్డంగా ఉన్న ఆలయం తెర పైనుంచి కిందికి చిరిగింది (మత్తయి 27:51). హెబ్రీ 10:19 ప్రకారం ఇప్పుడు ఆయన రక్తమే మనకు ప్రవేశం. నా అర్హత మీద వెళ్లడం లేదు గనక నా అనర్హత నన్ను ఆపదు. నా భక్తి నాకు టికెట్టూ కాదు. నా దృష్టిలో ఈ ఒక్క ముక్క ఒంటబడితే సగం తిప్పలు పోతాయి.

‘యేసు నామమున’ అని చివర అనేది కూడా ఇదే. మనవాళ్లు దాన్ని పోస్టాఫీసు ముద్రలా చివర్లో గబగబా గుద్దేస్తారు. ఏదైనా ఆఫీసుకి వెళ్తే ‘ఫలానా వారు పంపారండీ’ అంటాం చూశారా, దానికి దగ్గర. ఒక తేడా ఉంది. అక్కడ సిఫారసు చేసినాయన ఇంట్లో పడుకుంటాడు, ఇక్కడ ఆయనే లోపల మన పక్షాన విజ్ఞాపన చేస్తూ ఉన్నాడు (హెబ్రీ 7:25).

రెండూ ఒకే నోట ఎలా వస్తాయో చూడాలంటే ఆదికాండం 18. సొదొమ పట్టణాన్ని నాశనం చెయ్యొద్దని అబ్రాహాము దేవునితో బేరమాడతాడు. ‘ధూళియు బూడిదెయునైన నేను’ అంటాడు, అదే ఊపిరిలో ‘మాటలాడ తెగించుచున్నాను’ అంటాడు. యాభై మంది నీతిమంతులుంటే అని మొదలుపెట్టి నలభై ఐదు, నలభై, ముప్పై, ఇరవై, పది దాకా ఆరుసార్లు అడిగాడు. బూడిదనని ఒప్పుకున్నవాడే అన్నిసార్లు అడిగాడు. అడిగింది తనకోసం కాదన్నదీ గమనించండి.

ఇక నోరు పెగలకపోవడం. కూడికల్లో ఇది చాలామందికి ఉన్న ఇబ్బందే, ఎక్కువసార్లు కారణం భాష. పాత బైబిలు అనువాదంలోని ‘కలిగియున్నావు, చేయుచున్నాము’ శైలిలో అయితేనే ప్రార్థన అనుకుంటారు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఆ గ్రాంథికం రాక మూగబోతారు. ఒక సంగతి ఆలోచించండి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చేటప్పుడు ‘మహారాజశ్రీ కలెక్టరు గారి సముఖమునకు’ అని రాస్తాం, ‘మీరు’ అంటాం. అదే దేవుణ్ని తెలుగులో ‘నీవు’ అంటాం, అమ్మని పిలిచినట్టు. ఆ చనువు మన భాషే ఇచ్చింది. దాన్ని అర్జీ భాషతో మళ్లీ దూరం చెయ్యకండి. ‘ప్రభువా, రేపు మా నాన్నకి కేజీహెచ్‌లో ఆపరేషను. నాకు భయంగా ఉంది. డబ్బు సరిపోతుందో లేదో తెలీదు. మాతో ఉండు.’ ఇది పూర్తి ప్రార్థన. దీనికి ఏమీ తగిలించక్కర్లేదు.

(మాటవరసకి: తెలుగు బైబిలుకీ మనూరికీ చుట్టరికం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి ఇక్కడే అనువాదం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చు చూసేదాకా ఇద్దరూ బతకలేదు.)

రోజూ చెయ్యడానికి పదిహేను నిమిషాలు చాలు. గంటతో మొదలుపెట్టినవాళ్లు రెండో వారానికి మానేస్తారు. మత్తయి 6:6లో ‘నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి’ అన్నచోట గ్రీకు మాటకి సామాన్ల కొట్టుగది అని కూడా అర్థం, కాబట్టి రెండు గదుల ఇంట్లో వంటింటి మూలైనా, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనైనా పర్వాలేదు. ఫోను వేరే గదిలో పెట్టి, అచ్చు పుస్తకం తీసుకోండి. ఫోన్లో బైబిలు తెరిస్తే రెండో వచనం దగ్గర వాట్సాప్ మోగుతుంది.

మొదటి రెండు నిమిషాలు ఏమీ అడక్కండి. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనండి, ఆగండి. ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ అనండి, మళ్లీ ఆగండి. తండ్రీ అన్నది చనువు, పరిశుద్ధం అన్నది భయభక్తులు, ప్రభువు నేర్పిన వరసే అది. తర్వాత ఒక కీర్తన మెల్లగా బయటికి చదవండి, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మాటలు రానప్పుడు 13వ కీర్తన పట్టుకోండి. ఆరే వచనాలు. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని మొదలవుతుంది. దేవుణ్ని ఇలా అడగొచ్చా అని సందేహం వస్తుంది. అడగమని ఆయన గ్రంథంలోనే ఉంది.

ఆపైన ఒప్పుకోలు, నాలుగు నిమిషాలు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ‘తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు’ అంటారు. ఆ వాక్యంలో ఒక్క పాపం కూడా లేదు. ఏం చేశారో క్రియాపదంతో చెప్పండి: ‘నిన్న అద్దె విషయంలో ఓనరుకి అబద్ధం చెప్పాను.’ ‘తమ్ముడి మీద అక్కసుతో అమ్మకి చాడీ చెప్పాను.’ పేరు పెట్టి చెప్పిన తప్పుకి క్షమాపణ కూడా పేరు పెట్టినట్టే వస్తుంది, 1 యోహాను 1:9 చదివి అక్కడితో వదిలెయ్యండి. రేపు మళ్లీ అదే తవ్వకండి. అయోగ్యుణ్ని అని ఇరవైసార్లు అనేవాళ్ల ఇబ్బంది అదే, క్షమించాడని నమ్మలేక తిరిగి తిరిగి అడుగుతుంటారు. యేసు చెప్పిన కథలో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) చెప్పింది ఒకే మాట, ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ నీతిమంతుడిగా తీర్పు పొంది ఇంటికి వెళ్లిపోయాడు (లూకా 18:13-14). ఎవరితోనైనా సరిచేసుకోవాల్సింది ఉంటే కనీసం ప్రార్థన తర్వాతైనా ఫోన్ చెయ్యండి. మత్తయి 5:23-24 ప్రకారమైతే ముందే చెయ్యాలి. భార్యని గౌరవించని భర్త ప్రార్థనలకి అడ్డం వస్తుందని 1 పేతురు 3:7 సూటిగా చెబుతుంది. సంఘంలో గొంతెత్తి ప్రార్థించే మగవాళ్లం ఆ వచనం తక్కువ చదువుతాం.

మిగిలిన టైము అడగడానికి. రూళ్ల పుస్తకంలో మూడు గడులు గీసి తేదీ, అడిగింది ఒక్క లైనులో, జరిగింది అని రాయండి. ‘కుటుంబాన్ని దీవించు’ అని రాస్తే మూడో గడిలో ఎప్పటికీ ఏమీ రాయలేరు, ‘చెల్లి సప్లిమెంటరీ పరీక్ష, లెక్కలు’ అని రాస్తే రాయగలరు. ‘కాదు’ అన్న జవాబు కూడా అక్కడే రాయండి.

ఆ ‘కాదు’ దగ్గరే ‘ఇచ్చి తీరాలి’ అనే ప్రార్థన విరిగిపోతుంది. యేసే చనిపోయే ముందు గెత్సేమనే తోటలో శ్రమల గిన్నె తొలగించమని సూటిగా అడిగాడు, ‘నీ చిత్తప్రకారమే కానిమ్ము’ అన్నాడు. పౌలు తన శరీరంలోని ముల్లు (తనను బాధపెట్టేది) తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే ప్రభువు తీయలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్నాడు (2 కొరింథీ 12:8-9). వీళ్లకి విశ్వాసం తక్కువైందని ఎవరంటారు? వాగ్దానం పట్టుకొని అడగడం మంచిదే, కానీ ఆ వాగ్దానం ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చాడో ముందు వెనక అధ్యాయాలు చదివి పట్టుకోవాలి. ‘ఈ నెలలోనే’ అన్నది వాగ్దానంలో ఉండదు, మనం చేర్చింది. ఇంకో ప్రమాదం, ధైర్యంగా ప్రార్థించాం కదా అని మందులు ఆపేసేవాళ్లున్నారు. హిజ్కియా రాజు జబ్బుపడి కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు, అదే అధ్యాయంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). బీపీ మాత్ర వేసుకొని ప్రార్థించండి.

కూడికలో మీ వంతు వస్తే ఒక్క విషయం, రెండు నిమిషాలు. ఎవరినీ అనుకరించకండి. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కేకలేశారు, ఏలీయా ప్రార్థన రెండు వచనాలే (1 రాజులు 18:36-37). హన్నాకైతే పెదవులే కదిలాయి, గొంతు వినబడలేదు, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడు ఏలీ. ఏమీ రాకపోతే పక్కవాళ్ల ప్రార్థన మనసుపెట్టి విని ఆమేన్ అనండి, అదీ ప్రార్థనే. నైట్ షిఫ్టు చేసి ప్లాంటు బస్సు దిగినవాళ్లు వేకువ ప్రార్థన చెయ్యలేకపోతున్నామని కుమిలిపోవద్దు. నిద్రపోయి లేచాక కూర్చోండి. దానియేలు రోజుకి మూడుసార్లు ప్రార్థించాడు, అన్నీ తెల్లారుజామునే అని రాసి లేదు.

అమ్మగారి సంగతి. 2 సమూయేలు 7:18 తీసి ఆవిడకి చదివి వినిపించండి. దావీదు రాజు లోపలికి వెళ్లి యెహోవా సన్నిధిలో కూర్చున్నాడు అని ఉంటుంది. కూర్చొనే ‘నేను ఎంతటివాడను’ అన్నాడు. తొమ్మిది వచనాలు దాటాక, నువ్వు మాటిచ్చావు గనకే ఇలా అడగడానికి నాకు ధైర్యం వచ్చింది అన్నాడు. మీరు వెతుకుతున్న రెండూ ఆ ఒక్క ప్రార్థనలో ఉన్నాయి, ఆయన మోకాళ్ల మీద ఉన్నట్టు అక్కడ లేదు. వీపుకి ఆనుకునేలా ఉన్న కుర్చీ వెయ్యండి, పాదాలు నేలకి అందాలి, లేకపోతే పది నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి.