కెపాసిటర్ విలువ సరిగానే ఉంది, మరి లోపం ఎక్కడ?

ప్రశ్న: సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ లోడు లేనప్పుడు 12 వోల్టులు ఇస్తోంది. బాక్సు తగిలించగానే మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది. అవుట్‌పుట్‌లోని 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఊడదీసి మల్టీమీటర్‌తో చూస్తే 910 చూపించింది. బాగున్నట్టేనా?

జవాబు: ఆ రీడింగును నమ్మి దాన్ని మళ్లీ బిగించకండి. మల్టీమీటర్ కెపాసిటర్‌ను నెమ్మదిగా చార్జ్ చేసి విలువ లెక్కకడుతుంది. అంత నెమ్మదిలో, లోపల 2 ఓమ్‌ల నిరోధం పెరిగినా పెద్దగా తేడా కనిపించదు. అడాప్టర్‌లో మాత్రం కరెంటు సెకనుకు వేల సార్లు లోపలికీ బయటికీ కొడుతుంది. ఆ కరెంటు 1 ఆంపియర్ అనుకున్నా, 2 ఓమ్‌ల మీద 2 వోల్టులు ఊగుతాయి. బాక్సు తట్టుకోదు.

ఈ అంతర్గత నిరోధాన్నే ఈఎస్ఆర్ అంటారు. వేడికి లోపలి ఎలక్ట్రోలైట్ (కరెంటును మోసే ద్రవం) ఎండే కొద్దీ ఇది పెరుగుతుంది. పైభాగం ఉబ్బకుండానే పెరగవచ్చు. ఈ సైజు కొత్త లో-ఈఎస్ఆర్ కెపాసిటర్ 100 కిలోహెర్ట్జ్ వద్ద 0.1 ఓమ్ లోపే చూపాలి. అర ఓమ్ దాటితే మార్చేయండి.

ఇంకో ఆనవాలు: చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక సర్దుకునే సెట్‌లో ముందు ఈ కెపాసిటర్లనే అనుమానించాలి. ఉష్ణోగ్రత పెరిగితే ఎలక్ట్రోలైట్ నిరోధం తగ్గుతుంది.

ప్రశ్న: ఈఎస్ఆర్ మీటర్ లేదు. ఫంక్షన్ జనరేటర్ (కావలసిన ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఇచ్చేది), ఆసిలోస్కోప్ (ఆ సిగ్నల్‌ను తెర మీద చూపేది) ఉన్నాయి. కెపాసిటర్‌ను ఊడదీయకుండా కొలవొచ్చా?

జవాబు: కొలవొచ్చు. ముందు ప్లగ్ పీకేయండి. 230 వోల్టుల లైను మీద నడిచే ఎస్‌ఎంపీఎస్‌లో (ఇలాంటి అడాప్టర్లలో ఉండే స్విచింగ్ పవర్ సప్లైలో) పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలిచి ఉండొచ్చు. 2.2 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్‌లతో కొన్ని సెకన్లు తాకించి, మీటరులో సున్నా చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానాలి. నిప్పురవ్వ కంటికీ ప్రమాదం, బోర్డు ట్రాక్‌కూ ప్రమాదం.

జనరేటర్ అవుట్‌పుట్ నిరోధం సాధారణంగా 50 ఓమ్‌లు. దాని రెండు అవుట్‌పుట్ వైర్ల మధ్య సమాంతరంగా 10 ఓమ్ రెసిస్టర్ పెడితే మొత్తం 8.3 ఓమ్‌లు అవుతుంది, చిన్న ఈఎస్ఆర్ కూడా స్కోప్‌లో తెలుస్తుంది. 100 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ పెట్టి, కెపాసిటర్ లేకుండా స్కోప్‌లో శిఖరం నుంచి శిఖరానికి 200 మిల్లీవోల్టులు వచ్చేలా సర్దండి. అంతకు మించొద్దు: ఎక్కువైతే బోర్డులోని డయోడ్లు, ట్రాన్సిస్టర్లు కరెంటును పోనిచ్చి కొలత పాడవుతుంది.

ఇప్పుడు కెపాసిటర్‌కు తగిలించండి. వోల్టేజీ 40కి పడిందనుకుందాం. 40ని మిగతా 160తో భాగించి 8.3తో గుణిస్తే సుమారు 2.1 ఓమ్‌లు. కెపాసిటర్ పోయినట్టే.

ఎక్కువమంది పొరబడేది వైర్ల దగ్గర. 10 సెంటీమీటర్ల వైరు ఇండక్టెన్సే ఈ ఫ్రీక్వెన్సీలో దాదాపు 0.06 ఓమ్ అడ్డు కలుపుతుంది. అందుకే స్కోప్ ప్రోబ్‌ను జనరేటర్ క్లిప్‌ల మీద కాకుండా నేరుగా కెపాసిటర్ కాళ్ల మీదే పెట్టాలి. 10 మైక్రోఫారడ్ కన్నా చిన్నవాటికి ఈ లెక్క పనికిరాదు: 1 మైక్రోఫారడ్‌కు రియాక్టెన్సే (ఈ ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్ సహజంగా చూపే అడ్డు) 1.6 ఓమ్‌లు.

పక్కపక్కనే సమాంతరంగా ఉన్న కెపాసిటర్లలో మంచిది చెడ్డదాన్ని కప్పేస్తుంది. అక్కడ ఒక కాలైనా ఊడదీయక తప్పదు.

ప్రశ్న: ఈఎస్ఆర్ సున్నాకు దగ్గరగా వస్తే కెపాసిటర్ బ్రహ్మాండంగా ఉన్నట్టేనా?

జవాబు: షార్ట్ అయిన కెపాసిటర్ కూడా అలాగే చూపిస్తుంది. ఓమ్ రేంజిలో మరోసారి చూడండి. రీడింగు పెరుగుతూ పోవాలి. బోర్డులో సందేహం ఉంటే విడదీసి చూడాలి.

ఈఎస్ఆర్ ఎంత తక్కువైతే అంత మంచిదనీ అనుకోవద్దు. ఎల్‌ఎం1117 రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే చిప్) అవుట్‌పుట్ కెపాసిటర్‌కు 0.3 నుంచి 22 ఓమ్‌ల ఈఎస్ఆర్ ఉండాలని దాని డేటాషీట్ చెబుతుంది. అక్కడ సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే వేస్తే రెగ్యులేటర్ ఆసిలేట్ కావచ్చు, అంటే దాని అవుట్‌పుట్ నిలకడ తప్పి ఊగవచ్చు. పాతది ఏ రకమో చూసి, అదే రకం వేయండి.