తుమ్మెద పువ్వును కొరుకుతుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. టమాటా తోటలో నల్ల తుమ్మెద ఎగిరేటప్పుడు బొంగురుగా మోగుతుంది. పువ్వును పట్టుకోగానే సన్నగా జుయ్యిమంటుంది, అప్పుడు రెక్కలు ఆడవు. మరి ఆ చప్పుడు ఎక్కడిది? పువ్వుల్ని కొరికేస్తోందని మా నాయన దాన్ని తోలేస్తున్నాడు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని

జవాబు: రెక్కలు ఆడట్లేదని చూశావే, అక్కడే సగం మార్కులు వేసేశానమ్మా. తిరుపతిలో ఇన్నేళ్లు జువాలజీ చెప్పాను, క్లాసులో ఒక్కరూ ఈ మాట అడగలేదు.

తుమ్మెదకు మనలాంటి గొంతు లేదు. ఎగిరేటప్పుడు వినపడేది రెక్కల చప్పుడే. సెకనుకు ఈగ దాదాపు 200 సార్లు, తేనెటీగ 230 సార్లు రెక్కలాడిస్తాయి. డెంగీ తెచ్చే ఆడ దోమ 400 దాకా పోతుంది, అందుకే దానిది అంత సన్న గొంతు.

తమాషా ఏమిటంటే, ఆ రెక్కల్ని ఆడించే పెద్ద కండరాలు రెక్కలకు అతుక్కుని ఉండవు, రొమ్ము పెంకుకు ఉంటాయి. నిలువు కండరాలు బిగిస్తే వీపు కిందికి దిగి రెక్కలు లేస్తాయి. పొడవునా ఉన్నవి బిగిస్తే వీపు ఉబ్బి రెక్కలు వాలతాయి. పువ్వు మీద తుమ్మెద రెక్కలు ముడుచుకుని కండరాల్ని మాత్రం ఆడిస్తుంది, బండిని న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తిప్పినట్టు. రెక్కల భారం లేదు కాబట్టి వేగం పెరిగి స్వరం సన్నబడుతుంది.

ఇదంతా పుప్పొడి కోసం. టమాటా పువ్వు కేసరాలు గొట్టంలా అతుక్కుని ఉంటాయి, పొడి కొన నుంచే రాలాలి. ఆ వణుకుకు జలజలా రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. వంగ పువ్వుదీ ఇదే కథ. మా మేడ మీద కుండీలో వంగ పువ్వుకు బ్యాటరీ టూత్‌బ్రష్ ఆనించి కింద నల్ల కాగితం పట్టాను, పొడి రాలింది. మా ఆయన ఆ బ్రష్ మళ్లీ ముట్టుకోలేదు, అది వేరే సంగతి. తేనెటీగకు మాత్రం ఈ విద్య రాదు.

మీ నాయన చెప్పిందీ అబద్ధం కాదు. జారిపోకుండా కేసరాల్ని దవడలతో కరిచి పట్టుకుంటుంది, అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది. పిందె అయ్యేది లోపలి అండాశయం, దానికేమీ కాదు. టమాటా గాలికి ఊగినా కాస్తుంది గానీ, ఇలా వణికిన పువ్వుకు గింజ బాగా పట్టి కాయ బరువు తూగుతుంది. విదేశాల్లో గాజు ఇళ్లలో టమాటా పెంచేవాళ్లు 1980ల చివరి నుంచి ఈ పనికే బంబుల్ బీల (ఈ విద్య వచ్చిన, తేనెటీగల చుట్టాలు) పెట్టెలు కొంటున్నారు. మీకు ఊరికే వస్తుంటే తోలేయడమెందుకు? పురుగుమందు కొట్టాల్సి వస్తే పొద్దుగూకాక కొట్టమను. గట్టు మీద ఎండు మొద్దులుంటే ఒకటి రెండు పొయ్యిలో పెట్టకుండా వదిలేయండి, ఆ తుమ్మెదలు గూడు తొలుచుకునేది వాటిలోనే.