ఏ పని ముందో తెలియక ఏడుస్తున్న అమ్మాయికి కోచింగ్ మందు కాదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా అమ్మాయి పంచాయతీ కార్యదర్శిగా చేరి ఏడాదిన్నర అయింది. గ్రూప్-2కు చదువుతోంది. ఆన్‌లైన్‌లో ఏఐ కోర్సుకు కూడా ఫీజు కట్టాను. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి చదువు గుర్తుచేస్తున్నాను. అయినా ఏ పనీ సమయానికి కావడం లేదని ఏడుస్తోంది. ఉద్యోగం మాన్పించి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు పంపాలా?

జవాబు: అయ్యా, నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఉద్యోగమా, కోచింగా అని అడుగుతున్నా, మీ లోపలి భయం బిడ్డ దేనికీ తట్టుకోలేదేమోనని. ఆ భయం అక్కరలేదు. పొద్దున్నే పారిశుద్ధ్యం చూసి, ఇంటి పన్నుకు తిరిగి, నర్సరీ లెక్క రాసి, మధ్యలో మండలం నుంచి అడిగిన నివేదిక పంపే మనిషికి సాయంత్రానికి ఏదో ఒకటి మిగలడం సహజం. ఏది మిగిలిందన్నదే చూడాలి.

కొత్త ఉద్యోగులు సాధారణంగా గట్టిగా అడిగినవారి పని ముందు చేస్తారు. నివేదిక ఒక పూట ఆలస్యమైతే ‘నాలుగింటికి పంపుతాను సార్’ అని చెప్పుకోవచ్చు. కానీ ఊళ్లో పుట్టిన బిడ్డ నమోదు 21 రోజులు దాటితే ఆలస్య రుసుము పడుతుంది, 30 రోజులు దాటితే పైఅధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఆ తిరుగుడంతా బాలింత కుటుంబానిది. ఆ బాలింత ఫోన్ చేసి గద్దించదు, అయినా ముందు చేయవలసింది ఆమె పనే. గడువు దాటితే ఇతరులకు నష్టం కలిగించేవి కాగితంలో పైన, మాట చెప్పి వాయిదా వేయగలిగినవి కింద రోజూ ఉదయమే రాసుకోమని మీ అమ్మాయికి చెప్పండి. రెండు అత్యవసరాలు ఒకే గంటకు పడితే ఏది ముందో ఎంపీడీవోనే అడగాలి. అలా అడగడం చేతకానితనం కాదు.

ఈ రోజుల్లో అందరూ మెచ్చుకునే మల్టీటాస్కింగ్ మీద నాకు నమ్మకం లేదు. ఒక పని సగంలో వదిలి మరో పనికి వెళితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే చూపారు. ఏఐ కోర్సు మీద నా సందేహం ఇంకా పెద్దది. గణితం, ప్రోగ్రామింగ్ పునాది వేసుకుని, నెలల తరబడి చేతితో సాధన చేస్తేనే ఆ చదువు అక్కరకు వస్తుంది. అలసిపోయి రాత్రి పదింటికి వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్ చేతిలో కాగితంగానే మిగులుతుంది. ఆ కోర్సు ఎవరు కోరుకున్నారు? మీ ఉత్తరంలో ఆమె ఇష్టం గురించి ఒక్క వాక్యమైనా లేదు. పని మధ్యలో మీరు చేసే ఫోన్ కూడా ఆమెకు ఒక భారమే. కఠినంగా అన్నానని అనుకోకండి, దాన్ని ఈ రోజే మానండి.

ఇక మీరడిగిన పోలిక. ఉద్యోగం మాన్పించకండి. గ్రూప్-2 వివరాలు మీకు తెలిసినవే; పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి ఆమెకు పుస్తకంలో కన్నా ముందే పనిలో ఎదురవుతున్నాయి. ఉదయం ఒక గంట స్థిరంగా చదివితే ప్రస్తుతానికి చాలు, పరీక్ష తేదీ ఖరారయ్యాక సెలవు అడగవచ్చు. మార్చి 31 వరకు పన్ను వసూళ్ల ఒత్తిడి ఉంటుంది కనుక ఆ నెలలో ఆ గంట కూడా తప్పితే ఏమీ అనకండి. ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెడుతుంది.