వేగం ఎక్కువున్న తూటాలతో పాయింట్ 22 రివాల్వర్ గురి మెరుగవుతుందా?

కాదు, పాయింట్ 22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా) రివాల్వర్‌లో గురి కుదిరేది వేగంతో కాదు, ప్రతి తూటా ఒకేలా పేలడంతో. ఇది రిమ్‌ఫైర్ రకం, అంటే తూటాలో నిప్పు అంటించే మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. అది సమానంగా పరుచుకోకపోతే వేగం మారి, గుండు పైకో కిందకో పోతుంది.

ఉదాహరణకి సీసీఐ కంపెనీ 40 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) స్టాండర్డ్ వెలాసిటీ తూటా పెట్టె మీద సెకనుకు 1,070 అడుగులని, అదే కంపెనీ వేగం ఎక్కువున్న ఎల్‌ఆర్ తూటా మినీ-మ్యాగ్ మీద 1,235 అని ఉంటుంది. ఇవి రైఫిల్ లెక్కలు. రివాల్వర్ పొట్టి బ్యారెల్‌లో రెండూ తగ్గుతాయి. కొత్తవాళ్లకి మొదటిది చాలు. రివాల్వర్‌ని దేనికైనా ఆనించి నాలుగైదు రకాలు కాల్చి చూస్తే ఏది దగ్గరదగ్గరగా పడుతుందో తెలిసిపోతుంది.

పాయింట్ 22 మ్యాగ్నమ్ అనే ఇంకా బలమైన తూటా అయితే మేలనుకోవడం పొరపాటు. ఆ తూటా లావు, దానికి వేరే సిలిండర్ కావాలి. ఆ సిలిండర్‌లో ఎల్‌ఆర్ పెట్టి కాలిస్తే తూటా తొడుగు పగలొచ్చు.