కట్టినవాడి పేరు దగ్గరే ఆగిపోకు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. "ఆసియాలో చూసి తీరాల్సిన పది కట్టడాలు" అని పేరు పెట్టావు. భాష శుభ్రంగా ఉంది, ఎక్కడా విసుగు పుట్టలేదు. అయితే చదివాక ఒక చిన్న పరీక్ష చేశాను. ఇండోనేషియాలోని జావా దీవిలో ఉన్న బోరోబుదూర్ బౌద్ధ స్తూపం మీద రాసిన పేరాలో ఊరి పేరు, రాజవంశం పేరు కొట్టేసి మయన్మార్‌లోని బగాన్ అని రాసి చూశాను. పేరా చెక్కు చెదరలేదు! "నాటి శిల్పుల ప్రతిభకు నిలువెత్తు సాక్ష్యం", "చూడటానికి రెండు కళ్ళూ చాలవు", "కాలానికి ఎదురొడ్డి నిలిచిన అద్భుతం". ఇవన్నీ పాత ఫోటో స్టూడియోలో వచ్చినవాళ్ళందరికీ తొడిగే ఒకే ఒక్క కోటు లాంటివి. ఎవరికైనా పడుతుంది, ఎవరికీ కుదరదు.

మిగతావాటిని వదిలేసినా ఆ మూడో మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. కాలానికి ఎదురొడ్డి ఏ కట్టడమూ తనంతట తాను నిలబడదు. ఎవరో నిలబెడతారు. వాన నీళ్ళు దిగే దారి చూస్తారు, పడిన రాయిని ఎత్తి పెడతారు, మొలిచిన రావి మొక్కను పీకేస్తారు. కొన్నిసార్లు చెడగొడతారు కూడా. నీ వ్యాసంలో పది కట్టడాలనూ పదిమంది రాజులు కట్టించారు, ఆ మరుసటి వాక్యంలో పర్యాటకులు వచ్చేశారు. మధ్యలో ఉన్న ఎనిమిది వందల ఏళ్ళు, వెయ్యేళ్ళు ఏమైపోయాయి? రాయాల్సిన సరుకంతా అక్కడే ఉంది.

కంబోడియాలో బాఫూన్ గుడి సంగతే తీసుకో. అంగ్‌కోర్ వాట్ గురించి అందరూ రాస్తారు, నువ్వూ రాశావు. దానికి కాస్త దూరంలో, అంగ్‌కోర్ థోమ్ ప్రాకారం లోపల ఉన్న ఈ గుడిని సగం మంది చూడకుండానే వెళ్ళిపోతారు. 11వ శతాబ్దం నడుమ రెండో ఉదయాదిత్యవర్మ కట్టించిన శివాలయం. మెట్లు మెట్లుగా లేచే కొండలాంటి కట్టడం. లోపల నింపింది మాత్రం ఇసుక. వానలు పడే దేశంలో ఆ ఇసుక తడిసి, గోడల్ని బయటికి నెట్టి, కట్టడం జారిపోతూ వచ్చింది. 1960ల్లో ఫ్రెంచి పురావస్తు నిపుణులు ఒక నిర్ణయానికి వచ్చారు: అతుకులు వేస్తే లాభం లేదు, మొత్తం విప్పి లోపల గట్టి గోడ కట్టి, మళ్ళీ రాయి మీద రాయి పేర్చాలి. దాదాపు 3 లక్షల రాళ్ళు. విప్పిన ప్రతి రాయికీ నంబరు వేసి, ఏది ఎక్కడిదో కాగితాల మీద రాసుకుని, చుట్టూ అడవిలో వరసగా పరిచారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. పని ఆగిపోయింది. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సైన్యం అధికారంలోకి వచ్చింది. ఆ నంబర్ల కాగితాలన్నీ నాశనమైపోయాయి. రాళ్ళు మాత్రం అడవిలో ఉన్నచోటే ఉన్నాయి, నాచు పట్టి, చెట్ల వేళ్ళ మధ్య. ఆ గుడిలో రాళ్ళ మధ్య సున్నం లేదు, ఏదీ లేదు. రాయి పక్కన రాయి అచ్చంగా ఒరుసుకుని కూర్చోవాలి. అంటే ప్రతి రాయికీ ఒకే ఒక్క చోటు. 1995లో పాస్కల్ రోయేర్ అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నవి పాత ఫోటోలు, మిగిలిన కొన్ని డ్రాయింగులు, రాయి ఆకారం, దాని మీది చెక్కడం. అంతే. పని పూర్తయింది 2011లో.

ఇంకో మలుపు చూడు. ఆ గుడి పడమటి వైపు 70 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడున్నాడు. దాన్ని కట్టింది 16వ శతాబ్దంలో, అదే గుడి పైభాగం నుంచి తీసిన రాళ్ళతో. బాగుచేసేవాళ్ళకి ఇరకాటం. శివాలయాన్ని మొదట ఉన్నట్టు నిలబెట్టాలంటే బుద్ధుణ్ణి విప్పాలి. బుద్ధుణ్ణి ఉంచితే గుడికి ఆ రాళ్ళు లేవు. బుద్ధుణ్ణి ఉంచారు. నువ్వు ఆ పడమటి గోడ ముందు నిలబడితే మొదట ఏమీ కనిపించదు, రాళ్ళ గుట్టలా ఉంటుంది. కాస్త వెనక్కి నడిచి చూస్తే ఎడమవైపు తల, కన్ను, ముక్కు తేలుతాయి. "వైభవోపేతమైన బాఫూన్" అని రాస్తే ఇదంతా ఎక్కడ పడుతుంది?

దీన్ని మన పాఠకులకి అర్థమయ్యేలా చెప్పడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి రాళ్ళు విడదీశారు, మళ్ళీ నిలబెట్టి తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది. ఆ మధ్య కాలంలో గుడికి వెళ్ళినవాళ్ళందరూ "ఇదెప్పటికవుతుందో" అనుకుంటూ ఆ రాళ్ళ పక్కనుంచి నడిచినవాళ్ళే. వాళ్ళకి బాఫూన్ కథ ఒక్క వాక్యంలో ఎక్కుతుంది. అయితే పోలిక పోలికలాగే ఉండాలి. కంబోడియా గురించి రాస్తూ సగం వ్యాసం వరంగల్‌లో తిరగకు. మనవాళ్ళలో ఆ జబ్బు ఎక్కువ. ఏ దేశం వెళ్ళినా "ఇదంతా మన దగ్గర్నుంచే వెళ్ళింది" అని ఛాతీ విరుచుకుని వచ్చేస్తారు. కథలు వెళ్ళాయి, నిజమే. చెక్కింది అక్కడి ఖ్మేర్ ప్రజల చేతులు.

అంగ్‌కోర్ వాట్‌లో మాత్రం తెలుగువాడిగా నీకొక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకో. కింది వసారా గోడల మీద పడమటి వైపు ఒక పక్క కురుక్షేత్రం, ఇంకో పక్క లంకా యుద్ధం. ఏ గైడూ అక్కర్లేకుండా అంపశయ్య మీద భీష్ముణ్ణి నువ్వే వెతికి పట్టుకోగలవు. తూర్పున క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల గోడ, ఒక పక్క అసురులు, ఇంకో పక్క దేవతలు, మధ్యలో విష్ణువు, కింద తాడు లాగే జోరుకి నీళ్ళలో ముక్కలైపోతున్న చేపలు, మొసళ్ళు. ఒక పూట అంతా ఆ గోడ దగ్గరే గడుపు. వీటిని మనం గుడిలో తిరిగేలా కుడివైపుగా కాక, ఎడమవైపుగా తిరుగుతూ చూస్తేనే వరస కుదురుతుంది. గుడి పడమటి ముఖంగా ఉండటం, ఈ అప్రదక్షిణం, రెండూ కలిపి ఇది దాన్ని కట్టించిన రెండో సూర్యవర్మకి అంత్యక్రియల ఆలయం కావచ్చని కొందరు పండితులు వాదించారు. వాదన అని రాయి, తీర్పులా రాయకు.

అక్కణ్ణుంచి ఉత్తరం మూలకి నడువు. కృష్ణుడు బాణాసురుడి మీదికి దండెత్తే ఘట్టం. ఉషా పరిణయం తెలిసినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. కానీ చెక్కడం చూడు: బొమ్మలు బిగుసుకుపోయి, పల్చగా, పక్క గోడల్లో ఉన్న పట్టు లేకుండా ఉంటాయి. కారణం, ఆ గోడ 12వ శతాబ్దంలో ఖాళీగా మిగిలిపోతే 16వ శతాబ్దంలో ఇంకో రాజు పూర్తి చేయించాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఎవరో వచ్చి ఉలి పట్టుకున్నారన్నమాట. "అడవిలో మరుగునపడిన అంగ్‌కోర్‌ను 1860లో ఫ్రెంచి యాత్రికుడు ఆన్రీ మూఓ కనుగొన్నాడు" అని రాశావే, ఆ వాక్యం ఈ గోడ ముందు ఎలా నిలుస్తుంది? మూఓ వెళ్ళేసరికి అక్కడ బౌద్ధ భిక్షువులున్నారు, పూజలు జరుగుతున్నాయి. 1632లో వచ్చిన ఒక జపాన్ యాత్రికుడు స్తంభం మీద సిరాతో పేరు రాసి వెళ్ళాడు, అది ఇప్పటికీ ఉంది. ఆ వాక్యం కొట్టెయ్. మూఓ రాతల వల్ల యూరప్‌కి తెలిసింది, అంతవరకు సరి.

1986 నుంచి 1993 దాకా అంగ్‌కోర్ వాట్‌లో పనిచేసింది మన భారత పురావస్తు శాఖే. దేశం ఇంకా యుద్ధంలో ఉంది, నేలలో మందుపాతరలున్నాయి, మిగతా దేశాలవాళ్ళు రావడానికి వెనకాడుతున్నారు. మనవాళ్ళు వెళ్ళారు. అది గొప్పే. రాళ్ళను రసాయనాలతో కడగడం మీద, సిమెంటు వాడటం మీద తర్వాత గట్టి విమర్శలొచ్చాయి. అదీ రాయాలి. మొదటిది మాత్రమే రాస్తే ప్రకటన అవుతుంది, రెండోది మాత్రమే రాస్తే కడుపుమంట అవుతుంది.

బోరోబుదూర్ దగ్గరికి వస్తాను. నువ్వు 504 బుద్ధ విగ్రహాలు, 72 చిల్లుల స్తూపాలు, 2,672 శిల్ప ఫలకాలు అని మూడు అంకెలూ ఒకే వాక్యంలో కుక్కావు. అంకెలు తప్పు కాదు. కానీ అంకె వేశాక పాఠకుడికి ఏదో ఒకటి కనిపించాలి. 504లో ఎన్నో విగ్రహాలకి తల లేదు. ఆ తలలు ఎక్కడికి పోయాయి? 1896లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు చులాలోంగ్‌కోర్న్ వస్తే, అప్పట్లో జావాను ఏలుతున్న డచ్చివాళ్ళు ఎనిమిది బండ్ల శిల్పాలు కానుకగా పంపారు. మన అమరావతి స్తూపం పలకలు లండన్‌లో, చెన్నైలో ఉన్నట్టు, బోరోబుదూర్ ముక్కలు బ్యాంకాక్ మ్యూజియంలో ఉన్నాయి. ఇలా రాస్తే 504 అనే అంకెకి ప్రాణం వస్తుంది.

అక్కడ నువ్వు తప్పక చూడాల్సింది శిఖరం కాదు, ఆగ్నేయ మూల అడుగుభాగం. స్తూపం కింది అంచు చుట్టూ మొదట 160 ఫలకాలు చెక్కారు, ఏ పనికి ఏ ఫలం అని చెప్పే కర్మ సిద్ధాంతపు బొమ్మలు. తర్వాత ఆ కాలంలోనే వాటిని రాళ్ళతో కప్పేశారు. బరువుకి కట్టడం జారకుండా అని ఎక్కువమంది చెప్పే కారణం. 1885లో ఇది బయటపడింది. 1890-91లో రాళ్ళు తీసి, కసియన్ సేఫాస్ అనే జావా ఫోటోగ్రాఫర్ చేత అన్నీ ఫోటోలు తీయించి, మళ్ళీ కప్పేశారు. ఇప్పుడు ఆ మూలలో కొన్ని ఫలకాలు మాత్రం తెరిచి ఉన్నాయి. కొన్ని బొమ్మల పైన పాత జావా లిపిలో చిన్న చిన్న సంస్కృత మాటలు చెక్కి ఉంటాయి, ఇక్కడ ఏం చెక్కాలో శిల్పికి చెప్పే సూచనలు. ఒకచోట 'విరూప' అని ఉంటుంది, అంటే ముఖాలు వికారంగా చెక్కమని. పని అయ్యాక చెరిపేయాల్సినవి అలాగే ఉండిపోయాయి. పన్నెండు వందల ఏళ్ళ నాటి మేస్త్రీ గొంతు అంత దగ్గరగా వినిపించే చోటు ఆసియాలో ఇంకోటి నాకు తెలీదు. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఆ కట్టడానికి అసలు శత్రువు భూకంపం కాదు, నీళ్ళు. మట్టిగుట్ట మీద రాయి పేర్చిన కట్టడం కదా, వాన నీరు లోపలికి దిగి, గోడల్లోంచి ఊరి, శిల్పాల మీద నాచు, ఉప్పు తేలేవి. 1907-11లో డచ్చి ఇంజనీరు వాన్ ఎర్ప్ పై భాగం సరిచేశాడు గానీ నీటి సమస్య తీరలేదు. 1975 నుంచి 1982 దాకా యునెస్కో సాయంతో ఇండోనేషియా కింది అంతస్తులు విప్పి, లోపల కాలువలు, కాంక్రీటు వేసి, మళ్ళీ పేర్చింది. పది లక్షలకు పైగా రాళ్ళు కదిలాయి. మూడేళ్ళకే, 1985లో, బాంబులు పెట్టి తొమ్మిది స్తూపాలు దెబ్బతీశారు. 2010లో మెరాపి అగ్నిపర్వతం బూడిద కమ్మింది, దాన్ని ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి ఊడ్చారు. ఈ వరసలో ఒక్కటి ఎంచుకుని వివరంగా రాసినా నీ పేరా నిలబడుతుంది.

జపాన్‌లో ఇసే మందిరం నీ జాబితాలో పదోది. దాన్ని "అతి ప్రాచీనం" అన్నావు. ఇరవై ఏళ్ళకోసారి పక్క స్థలంలో కొత్తగా కట్టి పాతదాన్ని విప్పేస్తారు కదా, చివరిసారి 2013లో, అది అరవై రెండోసారి. ప్రాచీనమైంది చెక్క కాదు, వడ్రంగుల చేతి పని. ఈ ముక్క చెప్పకుండా ఇసే గురించి రాయడం అనవసరం, తీసేసినా నష్టం లేదు.

ఇంకొన్ని చిల్లర సంగతులు. గైడ్ చెప్పే కథ బాగుంటే రాయి, కానీ "గైడ్ చెప్పాడు" అని చేర్చు. రాజుకి కల రావడం, శిల్పి చేతులు నరికించడం లాంటివి ప్రతి దేశంలోనూ ఉంటాయి. శతాబ్దం రాసేటప్పుడు ఏ సంవత్సరమో ఖాయంగా తెలియకపోతే శతాబ్దం దగ్గరే ఆగు. సూర్యోదయం వర్ణన మానెయ్. అంగ్‌కోర్ వాట్ ముందు చెరువు గట్టున తెల్లారకుండానే వందలమంది ఫోన్లు ఎత్తి నిలబడతారు, వాళ్ళందరి ఫోటోలూ నెట్‌లో ఉన్నాయి. గుడి పడమటి ముఖం కాబట్టి గోపురాల మీద వెలుతురు పడేది మధ్యాహ్నం తర్వాత. శిల్పాలు చూడటానికి కూడా అప్పుడే బాగుంటుంది, జనం భోజనాలకి వెళ్ళిపోతారు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పదిలో ఏడు తీసెయ్. బాఫూన్, అంగ్‌కోర్ వాట్ ఉత్తరపు గోడ, బోరోబుదూర్ ఆగ్నేయ మూల, ఈ మూడే ఉంచు. పత్రికవాళ్ళు "జాబితా అయితేనే వేస్తాం" అంటే టెన్షన్ పడకు, వాళ్ళకి ఇంకోటి రాసిద్దువు గాని. జావా వెళ్తానంటున్నావు కాబట్టి ఒక మాట: బోరోబుదూర్‌లో ఇప్పుడు పైకి ఎక్కే టికెట్ వేరు, కింద ఆవరణలో తిరిగే టికెట్ వేరు. మెట్లు అరిగిపోతున్నాయని రోజుకి ఇంతమందినే అని లెక్కపెట్టి పైకి వదులుతున్నారు, వాళ్ళిచ్చే అల్లిన చెప్పులు వేసుకునే ఎక్కాలి. ముందే బుక్ చేసుకో. ఆగ్నేయ మూలని మాత్రం పైకి ఎక్కక ముందే చూసెయ్, దిగేసరికి ఎండకి ఓపిక ఉండదు.

కొత్త ప్రతి రాగానే పంపు, చదువుతాను.

నీ శ్రేయోభిలాషి