‘పోయింది వచ్చాక మానేస్తాను’ అనేది ప్రణాళిక కాదు

ప్రశ్న: నా వయసు 34. భార్య, ఒక పాప ఉన్నారు. 14 నెలలుగా ఆన్‌లైన్‌లో పోకర్ ఆడుతున్నాను. ఆరు నెలల ఇంటి ఖర్చుకని దాచిన నిధిలోంచి నాలుగున్నర నెలల సొమ్ము, పర్సనల్ లోను తీసుకుని, క్రెడిట్ కార్డు మీద నగదు తీసి తెచ్చిన మరో రెండు నెలల సొమ్ము అందులో పెట్టాను. ఇప్పుడు పోకర్ ఖాతాలో నెలన్నర ఖర్చుకు సరిపడా ఉంది. బ్యాంకులో మిగిలిన నెలన్నరతో కలిపితే మూడు నెలల అత్యవసర నిధి ఉన్నట్టే కదా? పోయిన ఐదు నెలల సొమ్ము తిరిగి రాగానే మానేస్తాను. అప్పటివరకు రోజుకు ఎంత పోతే లేవాలో, ఎంత వస్తే లేవాలో, ఎప్పుడు ఫోల్డ్ చేయాలో (ముక్కలు మడిచి తప్పుకోవాలో) ఒక ప్రణాళిక చెప్పండి.

జవాబు: మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందులోని ఒక్క వాక్యం కోసం. పోకర్ ఖాతాలోని సొమ్మును మీరు అత్యవసర నిధిలో కలిపి లెక్కవేశారు. ఆటలో ఉన్న డబ్బును ఇంట్లో ఉన్న డబ్బుగా చూడటం మీ ఒక్కరి పొరపాటు కాదు. షేర్లలో రోజువారీ ట్రేడింగ్ చేసేవారూ అచ్చంగా ఇలాగే లెక్క చెబుతారు. మీ అత్యవసర నిధి మూడు నెలలది కాదు, నెలన్నరది. అందులోంచి రెండు నెలల అప్పును తీసివేస్తే మీ దగ్గర ఉన్నది సున్నా కంటే తక్కువే. పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసిన రాత్రి, మీ సొమ్ము ఏదో సైట్ వాళ్ల ఆమోదం కోసం ఎదురుచూస్తూ ఉంటే దాన్ని నిధి అని ఎలా అంటాం? 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్ల మీద కేసులు పెట్టినప్పుడు ఫుల్ టిల్ట్ పోకర్‌లో ఆటగాళ్ల సొమ్ము చిక్కుకుపోయింది. అమెరికా ఆటగాళ్లకు అది తిరిగి అందడం 2014లో గాని మొదలుకాలేదు. వాళ్లలో బాగా ఆడేవాళ్లు కూడా ఉన్నారు.

ఇక మీరు పెట్టుకున్న గమ్యం సంగతి చూద్దాం. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనలో ఒక మాట ఉంది. పేకాటలో ఇంతకంటే ఖరీదైన మాట లేదు. మీ ఖాతాలోని నెలన్నర సొమ్ము ఆరున్నర నెలల సొమ్ము అయితేనే మీరు అనుకున్నది వస్తుంది, అంటే అది నాలుగు రెట్లకు మించి పెరగాలి. మీరు నిజంగా నేర్పరి అనీ, ప్రతి వంద చేతులకూ సగటున ఐదు బిగ్ బ్లైండ్లు గెలుస్తారనీ అనుకుందాం. ఒకసారి ముక్కలు పంచి ఆడేది ఒక చేయి, ముక్కలు పంచకముందే ఒక ఆటగాడు తప్పనిసరిగా వేయవలసిన పెద్ద పందెం బిగ్ బ్లైండ్. వందకు ఐదు అన్నది మంచి ఆటగాళ్లు గర్వంగా చెప్పుకునే అంకె. 2000లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచిన క్రిస్ ఫెర్గూసన్ ఖాతాలోని సొమ్ములో 5 శాతానికి మించి ఒక టేబుల్ మీదికి తీసుకువెళ్లకూడదనే నియమం పెట్టుకుని ఆడి చూపించాడు. మీరూ ఆ నియమం పాటిస్తూ, వంద బిగ్ బ్లైండ్లతో కూర్చుంటే, మీ నెలన్నర సొమ్ము 2,000 బిగ్ బ్లైండ్లు అవుతుంది. ఐదు నెలల సొమ్ము రావాలంటే దాదాపు 6,670 బిగ్ బ్లైండ్లు గెలవాలి, అందుకు 1,33,000 చేతులు ఆడాలి. గంటకు 70 చేతుల చొప్పున రోజూ రెండు గంటలు, ఒక్కరోజు కూడా మానకుండా ఆడితే రెండున్నరేళ్లు దాటుతుంది. అన్నాళ్లూ క్రెడిట్ కార్డు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఇంతకంటే త్వరగా రావాలంటే పందెం పెంచడం ఒక్కటే దారి, మీరు ఆరున్నర నెలల సొమ్ము అక్కడ పెట్టిందీ ఆ దారిలోనేనని నా అనుమానం.

పైగా మీరు గెలిచే ఆటగాడేనని ఇంకా తేలలేదు. వంద చేతులకు గెలుపోటములు 90 బిగ్ బ్లైండ్ల మేర అటూ ఇటూ ఊగడం, పందేనికి హద్దు లేని నో లిమిట్ ఆటలో మామూలు. ఆ లెక్కన పైన చెప్పిన నేర్పరి కూడా 10,000 చేతులు ఆడాక పదిసార్లలో దాదాపు మూడుసార్లు నష్టంలోనే ఉంటాడు. నేర్పు ఉన్నవాడికే ఇలా ఉంటే, అప్పు తెచ్చి ఆడేవాడికి ఒక మంచి నెలను చూసి ధైర్యం తెచ్చుకునే హక్కు లేదు.

ఫోల్డ్ గురించి అడిగారు. ఆ లెక్క మీకు తెలుసనే అనుకుంటున్నాను. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెం సొమ్ములో, 100 ఉండగా ఎదుటివాడు 50 వేస్తే, మీరు 50 పెట్టి 200 కోసం పోటీపడుతున్నారు. గెలిచే అవకాశం 25 శాతం ఉంటేనే కాల్ చేయాలి, అంటే ఆ 50 వేసి ఆటలో ఉండాలి. ఫ్లష్‌కు (ఒకే గుర్తున్న ఐదు ముక్కలకు) ఒక ముక్క తక్కువై, ఇక రావలసింది ఒకే ముక్క అయితే, కనబడని 46 ముక్కల్లో పనికివచ్చేవి తొమ్మిది, అంటే 20 శాతం కూడా లేదు. ఆ తర్వాత ఎదుటివాడి దగ్గర ఇంకా పెద్ద మొత్తం రాబట్టగలరన్న నమ్మకం లేకపోతే అక్కడ మడిచేయాలి. ఆ 100లో మీరు ఇంతకుముందు వేసింది ఎంత అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఒక పాట్‌లో ఇంత తేలికగా అర్థమయ్యే ఈ సంగతిని 14 నెలల మొత్తానికి వర్తింపజేయడానికి మాత్రం మీ మనసు ఒప్పుకోవడం లేదు. పోయిన ఐదు నెలల సొమ్ము ఆ పాట్‌లోకి వెళ్లిపోయిన సొమ్మే, మీరు ఇప్పుడు తేల్చుకోవలసింది చేతిలో మిగిలిన నెలన్నర గురించే.

అత్యవసర నిధి గురించి నేను ప్రతివారం విసుగు లేకుండా రాయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ నిధి వైద్యానికీ ఉద్యోగం పోయిన రోజులకూ మాత్రమే కాదు, వద్దు అనుకున్నప్పుడు వద్దు అనగలగడానికి కూడా. వెనుక ఆరు నెలల ఖర్చు భద్రంగా ఉన్నవాడు చేతిలోని ముక్కల్ని మడిచి నిద్రపోగలడు. వచ్చే నెల వాయిదా కట్టవలసిన డబ్బుతో కూర్చున్నవాడికి ప్రతి పాట్ గెలిచి తీరవలసిందిగానే కనబడుతుంది, అతడు మడవవలసిన చోట మడవలేడు. మీ ఫోల్డ్ లెక్కలు ఎంత కచ్చితమైనవైనా, నిధి లేకుండా అవి పనిచేయవు.

రోజుకు ఎంత వస్తే లేవాలన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు, ఎందుకంటే నిన్నటి గెలుపు తర్వాతి చేతికి తెలియదు. ఎంత పోతే లేవాలన్న హద్దు కూడా మీ ఆటను మెరుగుపరచదు, కోపంలో ఆడే ఆటను ఆపుతుంది, అంతే. ఆ హద్దు దాటినప్పుడల్లా మరో అప్పు దొరుకుతుంటే ఆ పని కూడా చేయదు.

కాబట్టి నా సలహా ఇది. పోకర్ ఖాతాలోని మొత్తం సొమ్మును ఈ రోజే వెనక్కి తీసుకుని, ముందుగా క్రెడిట్ కార్డు నగదు బాకీకి కట్టండి, దాని మీద తీసుకున్న రోజు నుంచే వడ్డీ నడుస్తోంది. బ్యాంకులోని నెలన్నరను ముట్టుకోవద్దు. డబ్బు చేతికి అందగానే, ఆ సైట్‌లో మిమ్మల్ని మీరు ఆటకు దూరం పెట్టుకునే ఏర్పాటు ఉంటే, అది అనుమతించే గరిష్ఠ కాలానికి పెట్టుకోండి. ఇంతకాలం నెలనెలా అందులో వేస్తూ వచ్చిన సొమ్మును జీతం వచ్చిన రోజే లోను వాయిదాలకూ, అవి తీరాక ఆరు నెలల నిధి నిండేవరకు బ్యాంకుకూ మళ్లించండి. టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, ఆరోగ్య బీమా కూడా. పదవీ విరమణ కోసం దాచింది తీయడం, బంగారం తాకట్టు పెట్టడం వంటి ఆలోచనలు వద్దు. అప్పు తెచ్చి ఆడటాన్ని ఏ వడ్డీ రేటు దగ్గరా నేను సమర్థించను, తక్కువ వడ్డీకి దొరికిందన్నది సమాధానం కాదు.

ఈ సంగతి మీ భార్యకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే ఈ వారమే చెప్పండి, ఎందుకంటే ఖాతాల వివరాలు ఇద్దరి దగ్గరా ఉన్నప్పుడే ఈ ప్రణాళిక నిలబడుతుంది. ఆపాలని నిశ్చయించుకుని కూడా ఆపలేకపోతే అది డబ్బు సమస్య కాదు. జూదపు వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది, మానసిక వైద్యుణ్ని కలవడంలో తప్పేమీ లేదు.

అప్పులు తీరి, నిధి నిండాక కూడా ఆడాలనిపిస్తే, మీరు ఉండే చోట చట్టం ఒప్పుకుంటేనే, వినోదానికి కేటాయించిన నెల సొమ్ములోంచి మాత్రమే ఆడండి, అది అయిపోతే వచ్చే నెల వరకు ఆగండి. ఆ రోజు రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. ఈలోగా లోను మొత్తాన్ని పెంచుతామంటూ మీ ఫోనుకు వచ్చే సందేశాలను తెరవకుండానే తీసేయండి.